గ్రహణానికి ముందే తయారైన ముఖం

2023 ఎండాకాలం. శామీర్‌పేట దాటాక వరుసగా కనిపించే ల్యాబుల్లో ఒకదాంట్లో నేను అప్పటికి చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఎలుక పిండాల్లో ముఖం ఎలా తయారవుతుందో చూడడం నా పని. ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు పని మొదలుపెడుతుందో గమనిస్తాం. దీన్నే జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటాం.

మా దగ్గర గాజుసామాను కడిగే సబిత, కాన్పు సెలవు అయిపోవస్తుంటే ఒకరోజు కనపడిపోదామని వచ్చింది. వెంట అత్త మల్లమ్మ, ఆమె చేతుల్లో పసిపాప. పాప పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. గ్రహణం మొర్రి.

"ఆపరేషన్ జేస్తమన్నరు మేడం," అంది సబిత తల ఎత్తకుండా.

"గ్రహణం నాడు కత్తిపీట ముట్టకే అని మస్తు జెప్పిన," అంది మల్లమ్మ. "ఇన్లే. పోరికి గిట్లయింది."

"అప్పటికి ఎన్నో నెల?"

"ఐదో నెల."

ల్యాబ్ నడిపే పెద్దసారును అడిగి ఇద్దర్నీ మైక్రోస్కోప్ గదిలోకి తీసుకెళ్లాను. అసలు పెసరగింజంత ఉండే ఎలుక పిండం తెర నిండా కనిపించింది. అందులో న్యూరల్ క్రెస్ట్ అనే కణాలు, గుర్తుపట్టేందుకు మేం చేసిన ఏర్పాటు వల్ల, పచ్చగా మెరుస్తున్నాయి. అవి వీపు వైపు పుట్టి, తల చుట్టూ తిరిగి ముందుకొచ్చి ముఖాన్ని కడతాయి. రెండు పక్కల నుంచి బుగ్గలు, పైనుంచి ముక్కు. మూడూ కలిసేచోటే పై పెదవి అని వాళ్లకు చూపించాను.

"మనుషులక్కూడా ఇంతే. రెండో నెలలోనే ఇవి అతుక్కోవాలి. పాపకు అప్పుడే అతుక్కోలేదు. గ్రహణం ఆ తర్వాతెప్పుడో వచ్చింది. కత్తిపీటకూ దీనికీ సంబంధం లేదు."

"మరెందుకైంది?" అంది సబిత.

"ఏదో జన్యువు వేళకు పనిచేయకపోయి ఉండొచ్చు. ఈ పాపకు ఏం జరిగిందో నాకూ తెలీదు."

మల్లమ్మ తెర దగ్గరికి జరిగి, మెరిసే కణాల మీద వేలు పెట్టింది.

"ఎవలు జెప్పకుంటనే గవి తొవ్వ ఎట్ల పట్టుకుంటయి బిడ్డా?"

"మేమూ అదే వెతుకుతున్నం అవ్వా."

ఆమె కోడలి వైపు తిరిగింది. "ఇన్ని దినాలు నిన్నే అన్న. ఇగ ఎవలన్న నిన్ను అంటే నాకు జెప్పు." సబిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడా పాప గలగలా మాట్లాడుతోంది.

అప్పటిదాకా ఆ కణాలు ఎక్కడ దారి తప్పాయా అనే చూసేదాన్ని. మల్లమ్మ మాత్రం అవి చేరుకోవడాన్ని చూసి ఆశ్చర్యపోయింది. ఇప్పుడు మేడ్చల్ బస్సెక్కితే ఎదురు సీట్లో కునికిపాట్లు పడే ముఖాల్ని చూస్తూ కూర్చుంటాను. ఒక్కో పెదవీ ఎంత దూరం నడిచొచ్చి కలిసిందో.