మొదటి ముద్ద

మా అత్తది వేప్పనపల్లి. పుట్టగొడుగును ఆమె ఎన్నడూ పీకేది కాదు. మొదలు దగ్గర రెండు వేళ్లు పెట్టి మెల్లగా తిప్పి తీసి, ఆ గుంతను మట్టితో కప్పేది. ఆరేళ్ల నా కూతురికి మామిడితోపులో ఆమె నేర్పిన మొదటి పని అదే. రెండోది, తెలియనిదాన్ని ముట్టకపోవడం.

నాకు అదంతా నచ్చలేదు. మూకండపల్లిలో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చాక అత్తగారి ఊరి తిండి నాకు నామోషీగా ఉండేది. ఆ మాట పైకి చెప్పలేక, అవ్వ పెట్టేది విషమని బిడ్డను భయపెట్టాను. ఒక మధ్యాహ్నం అత్త పుట్టగొడుగుల కూర వడ్డించగానే బిడ్డ అడిగేసింది.

"అవ్వా, ఇది విషమంట కదా?"

అత్త నావైపు తిరిగింది. "కంపెనీ క్యాంటీన్‌లో దినామూ తింటుండావే అప్పా, అది యాడ మొలిచిందో ఎప్పుడన్నా అడిగినావా? ఇది మొలిచిన చోటు నేను చూసినాను."

మొదటి ముద్ద తానే తిన్నది, నన్నే చూస్తూ నమిలింది. "పొద్దుగూకేదాకా ఈడనే కూర్చుంటాను పాపా. నేను సచ్చిపోతే మీ నాయన గెలిచినట్టు" అని నవ్వింది. అన్నట్టే కూర్చుంది. నేను తప్పయిందని ఆ రోజు అనలేదు, ఆమె చనిపోయేదాకా కూడా అనలేదు.

మొన్నటి వానలకు, పదిహేనేళ్ల నా కూతురు అదే తోపులో కొన్ని పుట్టగొడుగులు తీసి, గుంతలు కప్పి, పక్కనున్న ఒకదాన్ని వదిలేసింది. "అది నాకు తెలీదు నాయనా" అంది. ఇంటికొచ్చి తనే వండింది. నేను కంచంలో చేయి పెట్టబోతే అడ్డుకుంది.

"ఉండు. మొదటి ముద్ద నాది."

నన్నే చూస్తూ నమిలింది.