ఫ్యాను ఆపిన గది

మా పిన్ని గొంతు మీలో చాలామంది వినే ఉంటారు. ముఖం మాత్రం చూసి ఉండరు. ఫోన్‌లో ఇంగ్లీషు నేర్పే యాప్ తెరిచి ఒక మాట మీద వేలు పెడితే, ఆ మాటతో మూడు నాలుగు వాక్యాలు చదివి వినిపించే ఆడగొంతు ఆమెది. ఆమె "ఇట్ ఈజ్ ఎ సన్నీ మార్నింగ్" అంటే ఎక్కడో బస్సులో ఒకడు పెదవులు కదుపుతూ తిరిగి అప్పజెప్పుకుంటాడు. వాడికి ఉద్యోగం కావాలి. ఆ వాక్యం చెప్పినావిడకీ అదే కావాలి. ఈ సంగతి వాడికి తెలియదు, తెలిసినా చేసేదేమీ లేదు.

అంతకుముందు పిన్ని ఒక పెద్ద బట్టల కొట్టులో మైకు దగ్గర కూర్చునేది. తప్పిపోయిన పిల్లల్ని పిలవడం, గుమ్మానికి అడ్డంగా పెట్టిన బండి తీయమనడం ఆమె పని. మైకుతో పని లేని వేళ ఊరికే కూర్చోబెట్టి జీతం ఎందుకివ్వాలని, కింద గోదాములోకి పంపేవారు. అక్కడ బేళ్లు విప్పించడం, తానులు దులిపించడం. కిటికీ లేని గోదాములో గాల్లో ఎప్పుడూ నూలు తేలుతూ ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె కనురెప్పల మీద కూడా తెల్లగా కనిపించేది. రెప్పల మీదిది కడిగితే పోయింది. లోపలికి వెళ్లినది మాత్రం అక్కడే ఉండిపోయింది. కొన్నేళ్లకు ఆమె ఊపిరి తీసుకుంటే ఛాతీలోంచి పిల్లికూతలు మొదలయ్యాయి.

"ఇక దుమ్ములోకి వెళ్లొద్దు, మెట్లు ఎక్కొద్దు, బరువులు ఎత్తొద్దు" అన్నాడు డాక్టరు.

"బతకొచ్చా మరి?" అని అడిగిందట పిన్ని.

అప్పటికి నేను ఒక రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తున్నాను. యాప్ వాళ్లు ఆడగొంతు కావాలంటే పిన్ని పేరు చెప్పాను. కూర్చుని చేసే పని, నోటితో చేసే పని. ఆమెకు చేతనైనవాటిలో ఆమెను చంపనిది ఇదొక్కటే అనుకున్నాం.

స్టూడియో అంటే టైర్ల కొట్టు వెనక ఒక గది. గోడలకు స్పాంజి, తలుపుకు రెండు దుప్పట్లు, కిటికీని ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. ఎర్ర దీపం వెలగగానే ఏసీ కట్టేస్తారు, ఫ్యాను ఆపేస్తారు. ఏది తిరిగినా ఆ చప్పుడు మైకులో పడుతుంది. మధ్యలో అద్దం. అవతల మైకు ముందు పిన్ని, ఇవతల సౌండ్ సారు, ఆయన పక్కన నేను. కంప్యూటర్ తెర మీద మాటలు కొండల్లా కనిపిస్తాయి. వాటి మధ్య బూజులా కనిపించేది ఊపిరి. దాన్ని ఏరి తీసెయ్యడమే నా ఉద్యోగం. పాఠం వినేవాళ్లకు మాటలు కావాలి, ఊపిరి అక్కర్లేదు. అందుకే పిన్ని నన్ను కత్తెర అని పిలిచేది.

యాప్‌లో చివరి అధ్యాయం వాతావరణం మాటలు. అది పూర్తయితే పై తరగతి పాఠాలు కూడా పిన్నికే ఇస్తామన్నారు. అంటే మరో ఏడాది పని. లేదంటే మళ్లీ గోదాము. బట్టల కొట్టు మేనేజరు రమ్మని కబురు కూడా పెట్టాడు, కొత్త సరుకు దిగిందని.

ఒకరోజు హ్యూమిడ్, ఒకరోజు చిల్లీ, ఒకరోజు ఫాగీ. ఉక్కపోతలో చెమట తుడుచుకుంటూ "ఇట్స్ ఫ్రీజింగ్ అవుట్‌సైడ్" అని వణుకుతూ చెప్పింది. ఎర్ర దీపం ఆరగానే చేతిసంచిలోంచి ఇన్‌హేలరు తీసి, అటు తిరిగి ఒకసారి పీల్చేది. సారుకి అది తెలియకూడదు. ఊపిరాడని మనిషితో మాటలు చెప్పించుకునేవాళ్లెవరు?

ఆఖరి మాట బ్రీజీ. హాయిగా చల్లగాలి వీస్తుంటే అనే మాట.

"అమ్మా, నవ్వుతూ చెప్పండి. వింటున్నవాడి జుట్టు ఎగరాలి" అన్నాడు సారు మైకులో.

"జుట్టు ఎగరాలంటే ముందు ఆ ఫ్యాను వెయ్యండి సారూ."

"ఫ్యాను వేస్తే ఇది హెలికాప్టర్ పాఠం అవుతుందమ్మా."

పిన్ని నవ్వింది. ఆ నవ్వుకే సగం గాలి ఖర్చయిపోయింది. "ది బీచ్ ఈజ్ బ్రీజీ టుడే" బాగానే చెప్పింది. తర్వాతది పొడుగు వాక్యం. "అవర్ బాల్కనీ ఈజ్ సో బ్రీజీ దట్..." దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే. మూడోసారి ఆగినప్పుడు అద్దంలోంచి నన్ను చూసి రెండు వేళ్లు కత్తెరలా ఆడించింది. నేను తల ఊపాను. ముక్కలుగానే చెప్పింది. ఆ బాల్కనీలో సాయంత్రాలు కూర్చునే సుఖమైన మనుషుల గురించి నాలుగు ముక్కలు. అతకడం నా పని.

"అయిపోయిందమ్మా. ఇక గది తీసుకుందాం" అన్నాడు సారు.

గది తీసుకోవడమంటే నిశ్శబ్దాన్ని రికార్డు చెయ్యడం. చదివిన మనిషి మైకు ముందు అలాగే కూర్చోవాలి, మాట్లాడకూడదు, కదలకూడదు. నేను ఊపిరి కోసేసిన చోటల్లా ఆ నిశ్శబ్దాన్ని అతికిస్తాను. అక్కడ ఏమీ లేకపోతే వినేవాళ్లకు లైను తెగినట్టు ఉంటుంది. రోజూ పిన్ని ఇన్‌హేలరు పీల్చి వచ్చి ఎలాగో నెగ్గుకొచ్చేది. ఆ రోజు అది ఖాళీ అయిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

సారు హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు. కాసేపటికి నొసలు ముడిపడింది. సౌండు పెంచాడు. సన్నగా, తీగ లాగినట్టు, ఆగి ఆగి.

"లోపలికి పిల్లిగానీ దూరిందా?"

"నీళ్ల పైపు అయ్యుంటుంది సారూ" అన్నాను.

"అమ్మా, మరోసారి."

పిన్నికి అర్థమైపోయింది. ఈసారి ఊపిరి బిగపట్టింది. తెర మీద గీత నున్నగా, తిన్నగా సాగింది. సారు సంతోషంగా తల ఊపుతున్నాడు. నేను తెర చూడటం మానేసి అద్దంలోంచి పిన్నిని చూశాను. ఆమె పెదవులు నల్లబడుతున్నాయి. కళ్లు నా మీదే ఉన్నాయి. కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్లు తెల్లగా అయ్యాయి. ఒక్కసారిగా దగ్గు బద్దలైంది. తెర నిండా కొండలు.

నేను కుర్చీలోంచి లేచేలోపే సారు లోపలికి పరుగెత్తి ఫ్యాను వేశాడు. పిన్ని ఆ కుర్చీలో కూర్చుని ఉండగా ఆ ఫ్యాను తిరగడం అదే మొదటిసారి.

"సారూ, ఇంకొక్కసారి చేద్దాం" అంది, మాట మాటకీ ఆగుతూ. "ఊరుకోవడమే కదా. చేతకాకపోవడానికి అదేమన్నా పనా?"

"ముందు మంచినీళ్లు తాగండమ్మా."

"తాగాక చేద్దామా?"

సారు మంచివాడే. కసురుకోలేదు, "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. ఆ మాటకు అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. బట్టల కొట్టు వాళ్లు కూడా పిన్నిని గోదాములోకి దింపేటప్పుడు, మైకుకు విశ్రాంతి అనే అన్నారు.

పై తరగతి పాఠాలు ఇంకో అమ్మాయికి వెళ్లాయి. బ్రీజీ వాక్యం మాత్రం బయటికొచ్చింది. ఆ నాలుగు ముక్కల్నీ అతుకు తెలియకుండా అతికించాను. వింటే గాలి ఒంటికి తగిలినట్టే ఉందని యాప్ వాళ్లు మెచ్చుకున్నారట.

ఇప్పుడు పిన్నికి పడుకుంటే ఊపిరాడదు. వీపుకు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, ముఖానికి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టుకుని కూర్చునే నిద్రపోతుంది. గోదాముకు వెళ్లే ఓపిక కూడా లేదు. మొన్న వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి రమ్మంది.

"ఒరేయ్ కత్తెరా, ఆ రోజు నిశ్శబ్దం చివరికి ఎవరిచేత చేయించారు?"

"ఎవరిచేతా కాదు పిన్నీ. నువ్వు వెళ్లాక ఖాళీ గదే తీసుకున్నారు."

"బాగా వచ్చిందా?"

"వచ్చింది."

"నా మాటల మధ్య అదే పెట్టావా?"

"అదే పెట్టాను."

గదిలో పిల్లికూతలు, ఫ్యాను చప్పుడు. పిన్ని ముఖం ఫ్యాను వైపు తిప్పుకుంది.

"ఇంకాస్త పెంచరా."

లేచి చూశాను. మీట ఆఖరి గీత మీదే ఉంది.

"అంతే పిన్నీ. ఇంక పెరగదు."