సాక్ అంటే సంచే కదా

ఒమన్‌లోని సోహార్‌లో మా సైట్ మీద కొత్తగా పోసిన సిమెంటు పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి నీళ్లు కొడతారు. ఆ తడి గోనె వాసన తగిలితే నాకు మా మామ గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. ఈ పొద్దున ఆ పిల్లర్ల దగ్గరే మేనేజర్ నన్ను పిలిచి, నిన్ను సాక్ చేశాం, ఇక పనికి రావద్దన్నాడు. ఇంటికి ఫోన్ చేయకుండానే రూమ్‌కి వచ్చేశాను.

జగిత్యాల దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో వానకాలమంతా గోనెసంచులదే రాజ్యం. ఒక మూలను ఇంకో మూలలోకి దోపి వానకు తడవకుండా నెత్తిన కొప్పెర వేసుకుని పొలానికి పోయేవాళ్లం, ఎండ కాస్తే వాటిల్లోనే కాళ్లు దూర్చి వాకిట్లో గెంతేవాళ్లం, సద్దుల బతుకమ్మ నాడు వాటి మీదే వరసగా కూచుని రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు తినేవాళ్లం. మస్కట్‌లో పనిచేసే మామ సెలవు మీద వస్తే మాత్రం వాటిని కాలితో పక్కకు తన్నేవాడు. అత్తరు పూసుకుని అరుగు మీద కూచుని, మా ముందు ఇంగ్లీషు దంచేవాడు.

"గోనెసంచిని సాక్ అంటరు. ఊరు దోచుకున్నా సాకే. ఒక్క మాటకు ఎన్ని అర్థాలో! మీకేం ఎర్క?"

ఆ మహాపండితుడే ఒక దసరా ముందు కిరాణా దుకాణానికి ఫోన్ చేసి, "అమ్మా, కంపెనోళ్లు సాక్ ఇచ్చిండ్రు, అస్తున్న," అన్నాడు. పని పోయిందని తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు దొరగారికి. సాక్ అంటే సంచని కొడుకు చెప్పిన అర్థమే అమ్మమ్మకు తెలుసు. కంపెనీ తన కొడుక్కి సంచెడు ఖర్జూరాలు ఇచ్చిందని వాడంతా చాటింది. అది పెట్టడానికి ఇంట్లో ఒక మూల అలికి పీట వేసింది, సంచి మోయడానికి తోపుడు బండి తీసుకుని బస్టాండుకు పోయింది. మామ చేతిసంచితో దిగాడు. "పెద్ద సామాను షిప్పుల అస్తది," అన్నాడు. ఛీ! కన్నతల్లితో ఆడే అబద్ధమా అది?

దీపావళి దాటినా ఆమె ఆ మూల ఖాళీగానే ఉంచింది. "ఏమవ్వా, సంచి అచ్చిందా?" అని ఆడవాళ్లు బోరింగు దగ్గర నవ్వేవాళ్లు. చివరికి మామతో పనిచేసినతను సెలవు మీద వచ్చి, "సంచేంది? పనిల నుంచి తీసేసిండ్రు గదా," అన్నాడు.

అమ్మమ్మ మామ మొహంలోకి చూసి, "పని పోతె పోయె. ఊరందరి ముంగట నన్నెందుకు నవ్వులపాలు చేసినవ్ రా?" అంది. ఆయన తల వంచుకుని సెల్‌ఫోన్ నొక్కుకుంటూ కూచున్నాడు. ఇప్పటికీ పెళ్లిళ్లలో అదే ఇంగ్లీషు దంచుతాడు.

అమ్మమ్మ పోయింది. గోనెలూ పోయాయి, ఊళ్లో ఇప్పుడన్నీ ప్లాస్టిక్ సంచులే. మధ్యాహ్నం రూమ్‌లో కూచుని అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, నా పని పోయింది. ఉత్త చేతులతోనే అస్తున్న."



"మంచిగ చెప్పినవ్ బిడ్డా," అంది అమ్మ. "మా అమ్మ మీ మామ నోట గీ ఒక్క మాట కోసమే ఏడ్చింది."