గట్టి రేకు బండి

పటాన్‌చెరులో సర్వీసు రోడ్డు పక్కన నాకో కార్ల రిపేరు షెడ్డు ఉంది. మొదటి నుంచీ నేను పాత బండ్ల మనిషిని. బానెట్ ఎత్తితే ఇంజను కనిపించాలి, చెయ్యి పెట్టడానికి చోటుండాలి, ఏది ఏ పని చేస్తుందో కంటికి తెలియాలి అంటాను. ఇప్పటి బండ్లలో బానెట్ ఎత్తితే ఒక నల్లటి ప్లాస్టిక్ మూత. కొన్నిటికి హెడ్‌లైట్ బల్బు మార్చాలంటే ముందు బంపరు ఊడదీయాలి. ఏసీ తగ్గించాలంటే రోడ్డు మీంచి కళ్లు తిప్పి తెర మీద వేలితో వెతుక్కోవాలి. చెడిపోయినదాన్ని విప్పి, కడిగి, అరిగిన ముక్క మార్చి, మళ్లీ బిగిస్తే అది రిపేరు. మొత్తం పీకేసి కొత్తది పెడితే అది దుకాణం. ఈ మాటలు అడిగినవాళ్లకూ చెప్పేవాణ్ని, అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని.

నాకంటే గట్టిగా చెప్పే మనిషి ఒకడుండేవాడు. నా స్నేహితుడు. పటేల్‌గూడ దగ్గరి పెద్ద కంపెనీలో లేతు మీద పనిచేసి రిటైరయ్యాడు. ఇంద్రేశంలో ఇన్ని వెంచర్లు పడకముందే స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ల నాన్న కాలం నాటి తెల్లకారు ఒకటి అతని దగ్గర ఉండేది. ముక్కు గుండ్రంగా, బంపరు మందంగా ఉండే బండి. దానికి పార్టు దొరక్కపోతే ఎక్కడో ఒక లేతు పట్టుకుని తనే కోసి తెచ్చేవాడు. బిగించడం నా వంతు. శుక్రవారం నమాజ్ కాగానే నేరుగా షెడ్డుకు వచ్చేవాడు. పనేమీ లేకపోయినా ఇద్దరం బానెట్ ఎత్తి దాని ముందు నిలబడి చాయ్ తాగేవాళ్లం.

రిపేరుకు వచ్చిన కొత్త కార్ల తలుపు మీద వేలితో కొట్టి చూపించేవాడు.

"సప్పుడు ఇన్నవా భాయ్? నూనె డబ్బా. జెర తాకితే సపాటైతది. నా బండి తాకితే గోడ పడాలె."

నేను నవ్వి, అవుననేవాణ్ని. నా అభిప్రాయం కూడా అదే. ముందు భాగం తాకగానే నలిగిపోయేటట్టు చేయడం కంపెనీలు బంపర్లు అమ్ముకోవడానికి చేసే పని అని ఇద్దరమూ తేల్చేశాం.

అతని కూతురు సుల్తాన్‌పూర్‌లో ఆస్పత్రి సామాన్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. ఆ చలికాలం ఆమె చిన్న కారు సర్వీసింగుకు ఇచ్చారు. షిఫ్టు దిగే కూతుర్ని తీసుకురావడానికి ఒక పొద్దున అతను తెల్లకారు తీశాడు. మంచు బాగా ఉంది. ఇటుకల ట్రాక్టరు ఒకటి టైరు పోయి రోడ్డు మీదే ఆగి ఉంది. ట్రాలీకి వెనక లైటు లేదు. అతను చూసి బ్రేకు తొక్కాడు. పాత బ్రేకులు, ఒక్కసారిగా పట్టవు. బండి ఆగుతూ ఆగుతూనే పోయి ట్రాలీని గుద్దింది.

నాకు తనే ఫోన్ చేశాడు.

"భాయ్, జెర రా. బండి తాకింది."

గొంతు మామూలుగానే ఉంది. స్కూటర్ మీద వెళ్లాను. రోడ్డు పక్క ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. ట్రాక్టరు నడిపేవాడు బిహారు మనిషి, అప్పటికే అంబులెన్సుకు ఫోన్ చేశాడట. "ఆ రహా హై, ఆ రహా హై" అని అందరికీ చెబుతున్నాడు.

"ఎక్కడ తాకింది?" అని అడిగాను.

"స్టీరింగ్ తాకింది. ఛాతి పట్టేసినట్టున్నది. ఏం గాదు తియ్." తర్వాత బండి వైపు చూపించాడు. "నువ్వు గది సూడు ముందు."

చూశాను. బంపరు నడిమిట్ల కొంచెం లోపలికి పోయింది. ముందు జాలీ వంగింది. రేడియేటర్ నుంచి నీళ్లు కారుతున్నాయి. అంతే. అద్దానికి గీత లేదు. రెండు లైట్లూ వెలుగుతున్నాయి. ట్రాలీ వెనక ఇనుప పలక మాత్రం బాగా సొట్టపోయింది.

"ట్రాలీ వంగింది. మనదానికి ఏం గాలే" అన్నాడు. నవ్వాడు. అంబులెన్సు వచ్చేదాకా బండి గురించే మాట్లాడాడు. వచ్చాక తనే లేచి నడిచి ఎక్కాడు.

మధ్యాహ్నానికి సంగారెడ్డి ఆస్పత్రిలో పోయాడు. ఛాతి లోపల దెబ్బ తగిలిందనీ, లోపలే రక్తం కారిందనీ డాక్టరు చెప్పాడు. నేను తల ఊపాను. కిందికి దిగి వచ్చి, అతని కూతురు కోసం నీళ్ల సీసా కొన్నాను. ఏ నీళ్లు కావాలని దుకాణపాయన అడిగితే చల్లనివి వద్దని చెప్పాను. ఖబరస్తాన్‌లో అందరితో పాటు మూడు గుప్పిళ్ల మట్టి వేశాను. మట్టి తడిగా ఉంది. ఆ రోజుది అంతకంటే ఎక్కువ గుర్తులేదు.

బండిని నా షెడ్డుకు లాక్కొచ్చారు. అతని భార్య, మా భాభీ, ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు బయటికి రాదు. బండిని ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా పని మొదలుపెట్టాను. రేడియేటర్ చిల్లికి టాంకా వేసి అతికాను. జాలీ విప్పి సుత్తెతో సరిచేశాను. బంపరు కాల్చి లాగితే దారికొచ్చింది. ఒక్క పార్టూ కొత్తది కొనాల్సిన పని పడలేదు. సులువైన బండి అని మేం చెప్పింది నిజమే.

చివరికి స్టీరింగ్ మిగిలింది. చక్రం కింది భాగం వంగి ఉంది. దాన్ని పట్టి ఉండే రాడ్డు ఒకటే ముక్క. బండి ముక్కు దగ్గర మొదలై నేరుగా నడిపే మనిషి ఛాతి ముందుకు వస్తుంది. మధ్యలో మడత లేదు, విరుపు లేదు. ఎన్నోసార్లు విప్పి బిగించిన రాడ్డే అది. ఎంత గట్టిదో అని మెచ్చుకున్నదే. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ముందు భాగం ఎందుకు నలగాలో, ఈ రాడ్డు ఎందుకు మడత పడాలో చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేదు. అలా తెలిసినప్పుడు ఏడుపో కోపమో వస్తుందనుకుంటాం. నాకు ఏమీ రాలేదు. రాడ్డు పక్కన పెట్టి, చేతులు కిరసనాయిలుతో కడుక్కున్నాను.

భాభీ ఇద్దత్ ముగియబోయే రోజుల్లో అమీన్‌పూర్ నుంచి ఒకాయన డివైడర్‌ను గుద్దిన కారు తెచ్చాడు. ముందంతా కాగితంలా నలిగిపోయింది. నా సంగతి తెలిసిన పాత గిరాకీ.

"ఏం బండ్లన్నా ఇవి, ముట్టుకుంటె పోతున్నయ్. మీరన్నట్టు పాతవే నయం" అన్నాడు.

"మీకేమన్న తాకిందా?"

"నాకేం గాలే. స్టీరింగుల బెలూన్ తెరుసుకున్నది. మెడ జెర పట్టింది."

"అయితే మంచిదే."

నేను ఇంకేదో అంటానని ఆయన కాసేపు నిలబడ్డాడు. నేను నలిగిన బంపరు విప్పడం మొదలుపెట్టాను.

ఇద్దత్ ముగిశాక భాభీని కూతురు తన కారులో షెడ్డుకు తీసుకొచ్చింది. భాభీ బండి దగ్గరికి పోలేదు. స్టూలు వేస్తే కూర్చుంది. బండి మెరుస్తూ ఉంది. దాన్ని చాలాసేపు చూసింది.

"నొప్పి లేస్తున్నదని అన్నడా భయ్యా?"

"ఛాతి పట్టేసినట్టున్నది అన్నడు భాభీ. అంతే. నవ్విండు గూడ."

"దేనికి నవ్విండు?"

"బండికి ఏం గాలేదని."

ఆమె తల ఊపింది. కొంగు సర్దుకుంది. "పిల్ల బండిల పోయుంటె బతుకుతుండెనా?"

"అమ్మీ, వద్దు" అంది కూతురు.

అల్లా రాసింది అంతే అనొచ్చు. ఆ మాట ఆమెకు అప్పటికి ఎంతమంది చెప్పి ఉంటారో. ఆమె అడిగింది బండ్లు తెలిసిన మనిషిని.

"బతుకుతుండె అనే అనుకుంటున్న. పక్కాగ చెప్పలేను. బండి నలుగుతుండె. ఆయన మీదికి అంత దెబ్బ రాకపోతుండె."

"ఎవ్వరు చెప్పలే నాకు" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. "నేనైతె ఎన్నిసార్లు అన్నా ఇనకపోతుండె. మీరు చెప్పుంటె గూడ ఇనకపోతుండె. ఆయన గట్లనే." లేచి నిలబడింది. "అమ్మెయ్యుండ్రి. కొనెటోనికి మాత్రం అంతా చెప్పుండ్రి. దాసొద్దు."

ఆ మాటకు నాకు ఏదో ఒకటి అనిపించాలి. వాళ్ల కారు రోడ్డెక్కి కనుమరుగైన తర్వాత కూడా దానికోసం ఎదురుచూస్తూ అక్కడే నిలబడ్డాను. తర్వాత ఒకాయన ఆయిల్ మార్చమని వచ్చాడు.

కొన్నది హైదరాబాదులో పాత కార్లు పోగుచేసే పెద్దమనిషి. బండి చుట్టూ తిరిగి, రేకు మీద అరచేత్తో తట్టి, ఇట్లాంటి రేకు ఇప్పుడెక్కడ దొరుకుతుందని మురిసిపోయాడు. ఆయనకు అంతా చెప్పాను. మంచు, ట్రాలీ, ఇటుకల మీద కూర్చున్న మనిషి. స్టీరింగ్ రాడ్డు ఎట్లా వస్తుందో వంగి చూపించాను. ఆయన అరచెయ్యి తీసేశాడు. ఎప్పుడో ఒకసారి తప్ప నడపనన్నాడు.

"నడిపిన ఆ ఒక్కసారికైనా బెల్టు ఉండాలె సార్" అన్నాను.

ఆయన సరేనన్నాడు. తలుపు పక్క స్తంభానికి రంధ్రం వేసి, లోపల మందపాటి పలక వెల్డింగ్ చేసి, ముందు సీట్లు రెంటికీ బెల్టులు బిగించాను. పాత బండికి లేని వస్తువు తగిలిస్తే దాని అందం పోతుందని వాదించిన మనిషినే నేను. బిగించాక పట్టుకుని గట్టిగా లాగి చూశాను. ఆగింది. రాడ్డును మాత్రం ఏమీ చేయలేకపోయాను. ఆ మాట కూడా ఆయనకు చెప్పాను.

లారీ వచ్చి, బండిని ఎక్కించుకుని ముత్తంగి వైపు తిరిగి పోయింది. కాసేపటికి భాభీ ఫోన్ చేసింది.

"పోయిందా భయ్యా?"

"పోయింది భాభీ."

"మంచిగైంది. అన్నం తిన్నరా?"

"తిన్న."

ఫోన్ పెట్టాక నిజంగా తిన్నానో లేదో గుర్తుకు రాలేదు. టిఫిన్ డబ్బా తెరిచి చూశాను. సగం ఖాళీగా ఉంది. మూత పెట్టి, చేతులు తుడుచుకుని, అమీన్‌పూరాయన కారుకు తెప్పించిన కొత్త బంపరును అట్టపెట్టెలోంచి తీశాను. తేలిగ్గా ఉంది. ఒక్కణ్నే ఎత్తి బండికి పట్టించాను.