తడి కళ్లం మీద మొదటి గజ్జెలు

మా చిన్నప్పుడు... బాన్సువాడలో ఒక సాయంత్రం, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, వడ్లు నూర్చే మా కళ్లం అంచున నిలబడి ఉన్నాను. నాకు పదకొండేళ్లు. ఎదురుగా నేల తళతళ మెరుస్తోంది. మెరవకూడదు... అదీ గొడవ.

ఎందుకు మెరవకూడదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఓపిక పట్టండి. ఈ వయసులో నేను తిన్నగా నడవలేను, తిన్నగా చెప్పనూ లేను.

నిజాంసాగర్ కాలువ నీళ్లను నమ్ముకుని మా నాన్న కృష్ణా తీరం నుంచి వచ్చి ఇక్కడ వరి వేశాడు. వెంట ఎడ్లు, నాగళ్లు, మా నాయనమ్మ... కొన్నాళ్లకు మా వైపు నుంచి ఒక నాట్యం మాస్టారు కూడా వచ్చారు. వయసులో ఆయన ఆడవేషం కడితే ఆడవాళ్లే ఆ చీరకట్టు చూసి నేర్చుకునేవారట. నలభై ఏళ్లు తాళం పట్టినా తన చెయ్యి ఒక్కసారీ తప్పలేదని ఆయన గొప్ప. ఆ మాట రోజూ అన్నానికి ముందొకసారి, తర్వాత ఒకసారి చెప్పేవారు.

వాళ్ల ఇళ్లలో మగపిల్లలకే నేర్పేవారు. మరి ఆడపిల్లనైన నాలో ఏం చూశారో... మూడేళ్లు కూర్చోబెట్టి, నిలబెట్టి, తిట్టి నేర్పారు.

బడి చదువు నాకు అబ్బలేదు లెండి. అక్కడ ఉర్దూ, ఇంట్లో మా తెలుగు, వీధిలో ఇక్కడివాళ్ల తెలుగు... అక్షరాలు మటుకు బెల్లం చుట్టి తెచ్చిన కాగితాల మీద నేర్చుకున్నాను. అందుకే నా చదువు ఎప్పుడూ చిరిగినచోట ఆగిపోతుంది. సరే, కళ్లం దగ్గరకు వద్దాం.

నాయనమ్మకు ఈ ఆట ఇష్టం లేదు. నాకు తొలిసారి గజ్జెలు కట్టే గజ్జెపూజకు ముందురోజు అందరి ముందూ తేల్చేసింది. "రేపు చివరిదాకా తాళం తప్పకుండా ఆడిందా, నేను నోరెత్తను. ఒక్కచోట తప్పిందా, ఆ గజ్జెలు అటకెక్కాలి. మళ్లీ దించమని అడగకూడదు."

నాన్న తలూపాడు. ఆవిడ మాట కాదనే ధైర్యం మా ఇంట్లో ఎడ్లకు కూడా లేదు. పైగా ఆవిడకు తాళం తెలుసు... చిన్నతనం నుంచీ ఆటలు చూసిన మనిషి. మోకాలి మీద వేలితో లెక్క వేస్తుంది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు కాబట్టి పొద్దుండగానే ఆట పెట్టుకున్నాం. కోతలు, నూర్పిళ్లు అయిపోయి కళ్లం ఖాళీగా ఉంది. వారం ముందే అలికి, ఎండబెట్టి, బండలా చేశారు. నస్రుల్లాబాద్ నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు జనం.

ఇంట్లో గజ్జెలకు పూజ జరుగుతుండగా బయట ఎల్లవ్వ పని కానిచ్చింది. మా పొలంలో నాట్లు వేసే ఆడవాళ్లకు ఆమె పెద్ద. దేవుడి ముందు పెట్టిన గజ్జెలు కట్టుకుని పిల్ల వస్తోందంటే, ఆమె లెక్కలో అమ్మవారు వస్తున్నట్టే. అమ్మవారు నడిచే నేల పొడిగా ఉంటుందా... బిందెలతో పేడనీళ్లు కలిపి కళ్లమంతా చల్లి, పైన ముగ్గేసింది.

నాన్న మొహం పాలిపోయింది. "ఏమిటే ఎల్లవ్వా, ఈ పని?"

"ఏంది పటేలా, సాన్పు జల్లకుంట దేవుని గజ్జెలు ఎట్ల దింపుతరు? మీ దిక్కు గింత ఆచారం గూడ లేదా?"

మాస్టారు బొటనవేలితో నేల తాకి చూశారు. జర్రున జారింది. రేపు పెట్టుకుందామా అన్నాడు నాన్న. "కట్టిన గజ్జెలు ఆడకుండా విప్పేది లేదు" అన్నారు మాస్టారు. నాయనమ్మ నులకమంచం మీద కదలకుండా కూర్చుని ఉంది... వేలు మోకాలి మీద సిద్ధంగా.

ఎల్లవ్వకు అప్పటికి సంగతి అర్థమైంది. నా చెవి దగ్గరకొచ్చింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. గట్టు మీద సద్ది మోసుకొస్తవు గద, గట్లనే. మడిమె ఎయ్యకు. ఏళ్లతోని భూమిని పట్టు."

మాస్టారు తాళం అందుకున్నారు. మొదటి రెండు అంశాలూ అలాగే ఆడాను... వేళ్లతో పట్టుకుంటూ, వదులుతూ. ముగ్గంతా నా పాదాలకే అంటుకుంది.

చివరిది పళ్లెం. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు నిలిపి, దాన్ని జరుపుకుంటూ ఆడాలి. పొడినేల మీద అది నా మాట వినేది. ఇక్కడ దాని దారిన అది పోతోంది...

సగంలో పళ్లెం ఒక్కసారిగా పక్కకు జారింది. నా కుడికాలు గాల్లోకి లేచింది. పడలేదు గాని, కాలు ఇంకా దిగలేదు... తాళం పడాల్సిన క్షణం వచ్చేసింది.

మాస్టారి వైపు చూశాను. ఆయన చెయ్యి గాల్లో ఆగి ఉంది.

రెప్పపాటే... నా కాలు పళ్లెం అంచును పట్టుకుంది. అప్పుడు పడింది తాళం. మద్దెల వాయించే ఆయన తడబడి అందుకున్నాడు. ఆ తర్వాత చివరిదాకా జారలేదు.

ఆట అయిపోగానే నాయనమ్మ లేచింది. "పళ్లెం మీద తాళం తప్పింది."

"తప్పిందమ్మా" అన్నారు మాస్టారు, తల వంచుకుని. "పిల్ల కాదు, తప్పింది నేను. చెయ్యి ముసలిదైపోయింది."

నాయనమ్మ ఆయన చేతివైపు చూసింది. "నలభై ఏళ్లు ఆగి, సరిగ్గా ఇవాళే ముసలిదయిందా?" అంది. తర్వాత నావైపు తిరిగి, "ఆ గజ్జెలకంటిన పేడ తుడువు. రేపు పొద్దున పాఠానికి కావాలిగా" అంది.

మాస్టారు ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. తన చెయ్యి ఎప్పుడూ తప్పలేదన్న మాట మాత్రం... అన్నానికి ముందు గాని, తర్వాత గాని... మళ్లీ అనలేదు.

మొన్న మునిమనవరాలి మొదటి ప్రదర్శన చూశాను. నున్నటి వేదిక, రంగుల దీపాలు... పాటంతా ముందే రికార్డు చేసి పెట్టారు. మధ్యలో పిల్ల కాలు ఒక్కసారి తడబడింది. పాట సాగిపోయింది... దానికేం తెలుసు పాపం.

మీ కాలు జారిన వేళ మీకోసం చెయ్యి ఆపినవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి... చదివి వినిపించడానికి మనవరాలుంది, వినడానికి నాకు బోలెడంత తీరిక ఉంది.