మనవడు పంపిన మునగాకు రసం

పదవీ విరమణకు ముందు చివరి రెండేళ్లు నరసాపురం పక్కన ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సివిల్ సర్జన్‌గా పనిచేశాను. సోమవారాలు బీపీ, షుగర్ ఉన్నవాళ్ల ఓపీ. అక్కడికి క్రమం తప్పకుండా వచ్చే మార్తమ్మగారు లేసు అల్లుతూ పిల్లల్ని పెంచిన మనిషి. ఏళ్ల తరబడి అదుపులో ఉన్న ఆవిడ బీపీ ఒక సోమవారం రెండు వందలు దాటింది. అది పై అంకె, గుండె రక్తాన్ని నెట్టినప్పటి ఒత్తిడి. అలా వదిలేస్తే పక్షవాతం రావచ్చు.

మాత్రలు మానేశానని ఆవిడ నింపాదిగా చెప్పారు. పొద్దున్నే మునగాకు రసం తాగితే మాత్రలు అక్కర్లేదని వాట్సాప్‌లో వచ్చిందట. నాకు ఒళ్లు మండింది. రాసినవాడి పేరు లేదు, ఎవరి మీద పరీక్షించారో లేదు, ఇలాంటి రాతలు మనుషుల్ని మంచాన పడేస్తాయని గట్టిగానే వాదించాను. "అలాగేనండి" అన్నారు ఎంతో మర్యాదగా. నర్సు ఇచ్చిన మాత్ర మాత్రం గుప్పిట్లోనే ఉంది.

అది ఎవరు పంపారని అప్పుడు అడిగాను.

"మా మనవడండి. కాకినాడలో ఎరువుల కంపెనీలో ఇంజనీరు. వాడు నాకు చెడు చెబుతాడాండి?"

అక్కడినుంచే ఫోన్ చేయించి, స్పీకర్ పెట్టించి, అతనికి సంగతి చెప్పాను. హడలిపోయాడు.

"అమ్మమ్మా, అది నేను చదవలేదు. ముందు మాత్ర వేసుకో."

"చదవకుండా పంపావా? మరి రోజూ పంపే పువ్వులూ, బైబిలు వాక్యాలూ?"

"అవీ అంతే. పొద్దున్నే ఏదో ఒకటి రాకపోతే, నాకు జ్వరమొచ్చిందా అని డ్యూటీలో ఉండగా ఫోన్ చేస్తావుగా."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"నేనవన్నీ కళ్లజోడు పెట్టుకుని చదువుతున్నాన్రా. రేపట్నుంచి బొమ్మలొద్దు. బాగున్నానని నోటితో చెప్పి పంపు" అని, మంచినీళ్లు అడిగి మాత్ర మింగారు.

ఆ రోజు నేను చెప్పినదాంట్లో ఒక్క మాటా ఇప్పటికీ మార్చుకోను. కానీ నేను వాదించింది మునగాకుతో, ఆవిడ నమ్మింది మనవణ్ని. మూఢనమ్మకాన్ని ఖండించడం డాక్టరు పనే. ఆ ఖండన రోగి ఎవరి నోట వింటే నమ్ముతారో తెలుసుకోవడం కూడా వైద్యంలో భాగమే.