కొత్త నంబర్లన్నీ మొగిలమ్మకే

మా మొగిలమ్మ పెద్దమ్మ తనంతట తాను ఎన్నడూ ఫోన్ పెట్టేసి ఎరగదు. అవతలివాళ్లు అలసిపోయి పెట్టేయాల్సిందే.

హనుమకొండలో ఆమె ఆడపిల్లల హాస్టల్ నడిపేది. డిగ్రీ చదివినన్నాళ్లూ నేను అక్కడే ఉన్నాను. ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటి ఉండేది: తెలియని నంబరు నుంచి ఎవరికి ఫోనొచ్చినా అది పెద్దమ్మ వాటా. "మాట్లాడకుంటె నాకు బువ్వ అరగది బిడ్డా, ఇటు తే" అంటూ గరిటె వదిలేసి మరీ లాక్కునేది.

లోన్ ఇస్తామని ఒకమ్మాయి ఫోన్ చేస్తే, ఆ అమ్మాయికి కాశిబుగ్గలో పెళ్లి సంబంధం చూసింది. లాటరీ తగిలిందన్నవాడికి, "ముందుగాల నీ దగ్గు సంగతి చూస్కో కొడుకా" అని కషాయం చెప్పింది. వాడు లాటరీ మరిచిపోయి, "మిరియాలు ఎన్ని వేయాలమ్మా?" అని అడిగాడు.

ఒక సాయంత్రం దీప వంటింట్లోకి వచ్చింది. పాలకుర్తి దగ్గరి పల్లెపిల్ల, ఫస్టియర్. ముఖం పాలిపోయి ఉంది. ఫోన్ పెద్దమ్మకిచ్చింది.

స్పీకర్లో ఒక గొంతు ఉరిమింది. "పోలీసాఫీసర్‌ని! నీ స్కాలర్‌షిప్ ఖాతాలో దొంగ సొమ్ము పడింది. నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు. ఉన్నదంతా మేం చెప్పిన ఖాతాకు పంపు. ఎవరికీ చెప్పొద్దు. ఫోన్ కట్ చేస్తే జైలే!"

పెద్దమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేనెందుకు కట్ చేస్త సారూ! జైలంటే యాదికొచ్చింది, మా సదానందం బావ గూడ జైల్ల ఉండె..."

"ఏయ్, అమ్మాయికివ్వు ఫోను!"

"ఇస్త, జర ఆగు. ఖైదీ గాదు సారూ, వంటమనిషి. వంకాయ కూర చేసిండంటె..."

వంకాయ అయింది, పచ్చిపులుసు అయింది. ఆఫీసరు తిట్టాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు. "అమ్మా, నాకు వేరే కేసులున్నాయి."

"ఉంటయి కొడుకా. ఏమన్న తిన్నవా?"

ఫోన్ కట్టయింది.

"గింతకేనా? కట్ చేస్తె జైలన్నడు, ఆయనే కట్ చేసిండు!" అని పెద్దమ్మ నొచ్చుకుంది.

దీప భోరుమంది. "పంపేటిదాన్నే పెద్దమ్మా..."

"పంపలే గద. కూసొని తిను."

ఖాతా చూశాం. పైసా కదల్లేదు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా ఇప్పించింది పెద్దమ్మ.

దీప పడుకోవడానికి వెళ్లాక నేను ఆటపట్టించాను. "నీ మాటల పిచ్చి ఇయ్యాల పనికొచ్చింది."

ఆమె గొంతు తగ్గించింది. "పిచ్చేంది బిడ్డా? ఫోన్ల మాట్లాడితె నాకు చెవులు పోటు పెడ్తయి. నువ్వు రాకముందు తిరుమల అని ఒక పిల్లుండె. ఎవడో గిట్లనే బెదిరిస్తె ఫీజు పైసలు పంపింది. తిడ్తమని భయపడి ఎవ్వలకు చెప్పలే, చదువిడిసిపెట్టి ఊరికి పోయింది. నేను పోయి బతిమాలి తోల్కొచ్చేవరకు ఏడాది గడిచె. 'భయమైతాంది' అని చెప్పాలంటె పిల్లలకు సిగ్గు. 'పెద్దమ్మకు ఫోన్ల పిచ్చి' అంటె నవ్వుకుంట తెచ్చిస్తరు."



ఇంతలో నా రూమ్మేట్ మెహనాజ్ పిల్లిలా వచ్చి ఫోన్ చాచింది. "పెద్దమ్మా, ఇది మోసం ఫోన్ కాదు. మా అబ్బాజాన్, మా నాయన. నాలుగు సబ్జెక్టులు పోయినయని జర నువ్వే చెప్పవా?"

పెద్దమ్మ దాన్ని కొరకొరా చూసింది. ఆపైన ఫోనందుకుని తేనెలాంటి గొంతుతో మొదలుపెట్టింది.

"జానీ భాయ్, మీ బిడ్డ దస్తూరి ఎంత ముద్దుగుంటదో తెల్సా..."